ఉత్త పిండి

కమలకుమారికి కోపం ముక్కు మీదే ఉంటుంది. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఇరవై ఆరేళ్ళుగా మందుల షాపు నడుపుతోంది. ఆ సందులో ఆవిడ చేత చీవాట్లు తినని మనిషి లేడు. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగితే తిట్టేది. ఐదు రోజుల కోర్సు రెండు రోజులకే ఆపేస్తే ఇంకా తిట్టేది. అయినా జనం వెతుక్కుంటూ ఆవిడ దగ్గరికే వచ్చేవారు, కమలమ్మ చెప్పిందంటే డాక్టరు చెప్పినట్టే అనేవారు. ఆ మాట చెవిన పడితే పైకి విసుక్కునేది గానీ, లోపల ఎంత పొంగిపోయేదో ఆవిడకే తెలుసు.

అందరికంటే ఎక్కువ నమ్మింది చిలకమ్మ. ఉండేది యూసుఫ్‌గూడలో అద్దె గది, చేసేది పక్క సందు హాస్టల్లో వంట పని. నూట యాభైమంది కోచింగ్ పిల్లలకి పొద్దున్నే ఇడ్లీలు వేసి వేసి మోకాళ్ళు అరగదీసుకుంది. నెలల తరబడి కనబడని ఆ మనిషి, ఒకరోజు షాపు మెట్లు చకచకా ఎక్కేసి వచ్చింది.

"కమలమ్మా, ఎట్ల నడుస్తున్ననో సూడు! పంజాగుట్టల తారక్ సార్ అని ఉన్నడు. మూలికల పొడి ఇస్తుండు. ఏడు నెలల సంది తింటున్న. మస్తు పని జేస్తున్నది."

సంచిలోంచి డబ్బా తీసి చూపించింది. నూరు శాతం మూలికలు, ఏ దుష్ప్రభావాలూ లేవు అని పెద్దక్షరాల్లో ఉంది. కింద ఆరు వేర్ల పేర్లు, ఒక లైసెన్సు నంబరు. కమలకుమారికి ఒళ్ళు మండిపోయింది. తను జ్వరం బిళ్ళ అమ్మాలన్నా బ్యాచ్ నంబరు వేసి బిల్లివ్వాలి, ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో రోజుకి రెండుసార్లు పుస్తకంలో రాయాలి. ఈ తారక్‌గారేమో ఫోన్లో వీడియోలు పెట్టుకుని డబ్బాలు డబ్బాలు అమ్ముకుంటున్నాడు, అడిగే నాథుడు లేడు!

"ఏంటి చిలకమ్మా, నీ చెవిలో పువ్వులు పెడితే పెట్టించుకుంటావా? ఇది శొంఠీ పసుపూ కలిపిన ఉత్త పిండి."

"పిండైతే నొప్పెట్ల పోయింది?"

"నమ్మకం. నీళ్ళిచ్చి మందన్నా కొన్నాళ్ళు పోతుంది."

"బుగ్గలు సుత వచ్చినయ్, సూడు."

"హాస్టల్ నెయ్యి బాగా ఒంటబట్టినట్టుందిలే!" అని కమలకుమారి నవ్వింది.

నవ్వి ఊరుకోలేదు. డబ్బా ఫోటో తీసుకుని మూడు వారాలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఒకచోట మూలికల మందు మా కిందికి రాదన్నారు. ఇంకోచోట లైసెన్సుందిగా, వీడియోల సంగతి మాకు సంబంధం లేదన్నారు. పోనీ పరీక్షకైనా పంపించండి మహాప్రభో అంటే, ఎవరికైనా హాని జరిగినట్టు రుజువు తెమ్మన్నారు.

"హాని జరిగాక రుజువెందుకండీ, పాడె మీద పెట్టుకోడానికా?" అని అక్కడే అరిచేసి వచ్చింది.

ఆ మంటంతా తెచ్చి చిలకమ్మ మీద కుమ్మరించింది. "ఇవాళ్టి నుంచి ఆ పొడి ముట్టుకున్నావంటే నా షాపు మెట్లెక్కకు!"

చిలకమ్మ బిక్కచచ్చిపోయింది. "కోపం జెయ్యకు కమలమ్మా. బంద్ జేస్త," అంటూ డబ్బా తీసి చేతికిచ్చింది. కమలకుమారి దాన్ని ఆమె కళ్ళముందే చెత్తబుట్టలో పడేసింది. ఎన్నాళ్ళకో ఒక్కరినైనా ఆ మాయదారి వైద్యం నుంచి బయట పడేశానని ఆ రోజంతా హుషారుగా ఉంది.

ఆరోరోజు చిలకమ్మ కూతురు నవీన ఫోన్ చేసింది. అమ్మకి రెండు రోజుల నుంచి ఒకటే వాంతులు, పొద్దున లేవనే లేదు, పంజాగుట్ట ఆస్పత్రిలో చేర్చామని ఏడ్చింది. కమలకుమారి షాపు మూసేసి ఆటో ఎక్కింది.

డాక్టరు బయటికొచ్చాడు. "బీపీ పడిపోయింది, షుగరూ పడిపోయింది. స్టెరాయిడ్ బిళ్ళలేమైనా వాడి, ఒక్కసారిగా ఆపేసిందా?"

"మా అమ్మ ఏ గోలీలు ఏసుకోదు సార్," అంది నవీన. "ఒక మూలికల పొడి తినేది, గంతే. గదీ వారం కింద బందువెట్టింది."

"దాంట్లోనే కలిపుంటారు. ఆవిడ తిన్న డబ్బా ఉందా, పరీక్ష చేయిద్దాం?"

ఎక్కడుంది! చెత్తబండి ఎత్తుకుపోయి ఐదు రోజులైంది.

కమలకుమారికి అప్పుడు వెలిగింది. ఆ గుండ్రటి మొహం, ఆ బుగ్గలు! స్టెరాయిడ్లు మింగి మింగి అలా ఉబ్బిన మొహాలు ఈ ఇరవై ఆరేళ్ళలో ఎన్ని చూడలేదు? బయటి నుంచి ఆ మందు వస్తున్నన్నాళ్ళూ ఒళ్ళు దాన్ని తనంతట తాను తయారుచేసుకోవడం మానేస్తుంది, ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది, నెమ్మదిగా తగ్గించుకోవాలి అని ఎంతమందికి తనే చెప్పలేదు? తారక్ దొంగ అనుకుంది గానీ, ఆ దొంగ పొడిలో అసలు మందే కలిపి ఉంటాడని తట్టనే లేదు. అంత చులకన ఆ పొడంటే. ఆ చులకనే చిలకమ్మని మంచాన పడేసింది.

మర్నాడు చిలకమ్మకి కాస్త తెలివొచ్చింది. కమలకుమారిని చూడగానే భయంగా చెయ్యి పట్టుకుంది. "నేను మల్ల ముట్టలే కమలమ్మా. నువ్వు చెప్పినంక ఒక్క చెంచా సుత తినలే. ఒట్టు."

"తెలుసమ్మా, తెలుసు," అంటూ కమలకుమారి వెక్కివెక్కి ఏడ్చింది. ఎందుకేడుస్తోందో చిలకమ్మకి అర్థం కాలేదు. ఆ రాత్రే మళ్ళీ బీపీ పడిపోయి చిలకమ్మ ప్రాణం పోయింది.

పదకొండో రోజు దాటిందో లేదో డ్రగ్ ఇన్‌స్పెక్టర్ షాపుకొచ్చాడు. మూడు వారాలు తిరిగినా కదలని కాగితం, ఈసారి చకచకా కదిలింది. డాక్టరు కాకపోయినా వైద్యం మాన్పించి మనిషి చావుకి కారణమైందని కమలకుమారి మీద ఫిర్యాదు. రాయించింది తారక్, సంతకం నవీనది. తన పొడి తిన్నన్నాళ్ళూ లేడిపిల్లలా నడిచిన మనిషి, ఆపిన వారానికే పోయిందని వీడియో కూడా పెట్టాడు. అబద్ధమని ఎలా అంటుంది? అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

"మరి ఆ పొడి సంగతి?" అంది కమలకుమారి.

"అది వేరే విభాగం మేడమ్. నేనొచ్చింది దీనికోసం," అని ఇన్‌స్పెక్టర్ కాగితం ముందు పెట్టాడు. "ఎవరేం చెప్పారన్నదానికి సాక్ష్యం లేదు. చెప్పలేదని రాసినా సరిపోతుంది."

ఆయన వెంట వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డ నవీన ముందుకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. "మేడమ్, ఆ పొడిల మందున్నదని మీకు తెల్వదా?"

"తెలియదమ్మా."

"మరి తెల్వకుండనే ఎట్ల బంద్ జేపిచ్చిన్రు?"

 కమలకుమారి పెన్ను తీసుకుని, ఆపమన్నది నేనే అని రాసి, కింద సంతకం పెట్టింది.