నా మునీ, నామినీ

మా నరసింహులుకు పెళ్లయిన సంగతి పెళ్లికూతురికి ఒక మెసేజీ వల్ల తెలిసింది. పెళ్లికొడుక్కి ఆమె ఫోను చేసి తిట్టాక తెలిసింది. ఈ పెళ్లి చేయించింది పురోహితుడు కాదు, మా కంపెనీ పెన్షన్ పథకం.

కువైట్‌లో మాలాంటి బయటి దేశాలవాళ్లకు సర్కారు పెన్షను లేదు. అందుకని అబూ హలీఫాలో మేం పనిచేసే క్యాటరింగ్ కంపెనీ సొంతంగా ఒక పథకం పెట్టింది. జీతంలోంచి మనం కొంత వేస్తే, వాళ్లు కొంత కలుపుతారు. నేను అక్కడ స్టోరు చూస్తాను, పేరు ఈశ్వరయ్య. నరసింహులు బిర్యానీ వండుతాడు. ఇద్దరం కడప గడప దాటి వచ్చినవాళ్లమే. వాడు డేగిశాలో బియ్యాన్ని పెట్టినట్టే మనసులో మాటనూ దమ్ములో పెట్టాడు. మూత తీసే దమ్ము మాత్రం లేదు.

ఆ మాట పేరు మునిలక్ష్మి. రాయచోటి వైపు మనిషి. భర్త పోయాక వచ్చి సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరింది. ఊరికి సామాన్లు పంపడానికి బ్నీద్ అల్ గార్‌లోని కార్గో దుకాణానికి వెళ్తే, పెట్టెకు తాడు కట్టేటప్పుడు నరసింహులు సాయం పట్టాడు. పెట్టె ఊరు చేరింది గానీ వీడు తాడు వదల్లేదు. సెలవు దొరికినప్పుడల్లా ఫోను చేసి, గోంగూర దొరికిందా, చింతపండు దొరికిందా అని అడుగుతాడు. అసలు అడగాల్సింది తప్ప అన్నీ అడుగుతాడు. ఆమెను ఆమె ఇంటివాళ్లు 'మునీ' అంటారని తెలుసుకుని తనూ అలాగే పిలుస్తాడు.

ఆమె మాత్రం 'మామా' అని పిలిచేది ఆ ఇంటి యజమానురాలిని. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లందరికీ యజమానురాలు మామానే. ఆ ఇంట్లో అరబ్బీ తప్ప ఇంకో భాష నడవదు. మా వైపు ఆడవాళ్లు మామా అని ఎవరిని పిలుస్తారో తెలిసిన నరసింహులు, ఆ పిలుపు సాల్మియా నుంచి అబూ హలీఫాకు ఎప్పుడు బదిలీ అవుతుందా అని కాచుకుని ఉన్నాడు.

పథకంలో చేర్చే పని ఆఫీసులో అతీఖ్‌ది. హైదరాబాదు మనిషి. చేరేరోజు నరసింహులు వెనకాలే నేనూ వరసలో ఉన్నాను.

"నామినీ ఎవరు భాయ్?" అన్నాడు అతీఖ్.

నరసింహులు చెవులు ఎర్రబడ్డాయి. వాడికి వినబడింది 'నా మునీ ఎవరు' అని.

"నీకెవురు చెప్పినారప్పా?"

"నాకెవరు చెప్తరు? నువ్వే చెప్పాలె. జల్దీ చెప్పు."

"మునిలక్ష్మి" అన్నాడు నరసింహులు.

నేను నవ్వు ఆపుకుని, మనం పోయాక మన డబ్బు అందుకునే మనిషిని నామినీ అంటారని విడమరిచి చెప్పాను. వాడికి తల్లీతండ్రీ లేరు, తోడబుట్టినవాళ్లూ లేరు.

"ఆ అర్థానికైనా ఆమేలే అన్నా" అన్నాడు.

కార్గో కోసం ఆమె పంపిన ఇఖామా కార్డు, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు, పాస్‌పోర్టు ఫొటోలు ఫోనులోనే ఉన్నాయి. నంబర్లూ, పుట్టిన తేదీ, ఊరి చిరునామా, అన్నీ కంప్యూటర్లోకి ఎక్కాయి. చివరికి 'బంధం' అనే గడి దగ్గర అతీఖ్ ఆగాడు.

"వైఫా, మదరా, సిస్టరా, డాటరా?"

"ఇంగేమీ లేవా?"

"లేవు. ఖాళీ పెడితే సిస్టమ్ తీస్కోదు."

చెల్లెలని నొక్కితే ఆశ పోతుంది. తల్లి అని నొక్కితే వయసు పోతుంది. కూతురని నొక్కితే పరువే పోతుంది. నరసింహులు నేల చూస్తూ, "మొదుటిదే నొక్కప్పా. యెవురు చూసొచ్చినారు" అన్నాడు.

"ఎవరూ చూడరు భాయ్. అంతా గోప్యం."

ఆ గోప్యం మొన్నటిదాకా భద్రంగానే ఉంది. ఈమధ్య పథకం నడిపేవాళ్లు ఒక నిబంధన పెట్టుకున్నారు. తమ దగ్గర ఎవరి వివరాలున్నా, ఆ సంగతి వాళ్లకు తెలియజేయాలట. మంచి నిబంధనే. దాని పేరు గోప్యతా ప్రకటన. గోప్యం అంటే దాచేది, ప్రకటన అంటే చాటేది. రెండూ కలిపారు కాబట్టి, దాచిందంతా చాటేశారు.

నరసింహులు డేగిశా దగ్గర ఉండగా మునిలక్ష్మి ఫోను వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకరులో పెట్టాడు.

"నరసింహులూ, నేను నీకేమైతా?"

వాడి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకు ఆమే ఆ మాట ఎత్తిందనుకున్నాడు. "ఏమి కావల్లో నువ్వే చెప్పు మునీ" అన్నాడు తియ్యగా.

"పెండ్లామంట. నీ ఆఫీసు నుంచి అరబ్బీలో మెసేజీ వచ్చె. నాకు చదవను రాదని మామాకిస్తి. ఆమె చదివి, జౌజా, జౌజా అని నా మొగం చూస్తాంది. ఎవురి పెండ్లామని అడిగితే నీ పేరు చెప్పింది."

నరసింహులు చేతిలో గంటె డేగిశాలో మునిగిపోయింది. గంటెను వదిలేసిన చేయి గాల్లోనే ఉండిపోయింది.

"నేను పుట్టిన తేదీ ఉండాదంట. పాసుపోర్టు నంబరు ఉండాదంట. మా ఊర్లో ఇంటి నంబరు గూడా ఉండాదంట. మొగుడు లేడని చెప్పి పనిలో చేరితిని కదా, ఇప్పుడు మామాకి నేను దొంగదాన్నైపోతి. చాటుగా పెండ్లి చేసుకున్యావంటాది. శుక్రవారం పొద్దుగుంకే లోపల ఇది తప్పని రాయించుకోని రాకపోతే ఖలాస్, టికెట్టు తీసిస్తా పో అంటాది."

"అది కాదు మునీ, ఫారంలో గడి..."

"కార్గోకని ఇచ్చిన కార్డు నాయనా అది. పెట్టెకి అతికించమని ఇస్తే నీకి అతికించుకున్యావే."

ఫోను పెట్టేసింది. ఆ రోజు బిర్యానీ అడుగంటింది. నరసింహులు చేతిలో అడుగంటడం నేను ఎన్నడూ చూడలేదు.

శుక్రవారం మునిలక్ష్మి బస్సెక్కి వచ్చింది. వంటిళ్లకు శుక్రవారం సెలవుండదు కాబట్టి అతీఖ్ ఆఫీసులోనే ఉన్నాడు. ఆమె నరసింహులు వైపు చూడకుండా కుర్చీలో కూర్చుని, ఫోను బల్లమీద పెట్టింది.

"తీసేస్తం అక్కా. తప్పుంటే దిద్దించుకునే హక్కు మీకుంది" అంటూ అతీఖ్ కంప్యూటర్ మీద ఏవో నొక్కాడు. నొక్కినవాడు నొక్కినట్టే ఉండిపోయాడు.

"ఏమాయె?" అన్నాను.

"వైఫ్‌ను తీసెయ్యాలంటే కాయితం పెట్టమంటుంది. విడాకులదన్నా, డెత్ సర్టిఫికెట్టన్నా."



"పెండ్లే కాలేదు కదప్పా, విడాకులు యాడ తెచ్చేది?" అంది మునిలక్ష్మి.

"పెళ్లి కాయితం ఉంటే విడాకులది ఇస్తరు."

"లేకుంటే నేను చావల్ల."



"ఎక్కించేటప్పుడు పెళ్లి కాగితం అడగలేదే?" అన్నాను నేను.

"ఎక్కించెటప్పుడు అడగది అన్నా. దించెటప్పుడే అడుగుతది."

మునిలక్ష్మి ఆ తెర వైపు చాలాసేపు చూసింది. తన ఫొటో అందులో చిన్నగా కనబడుతోంది. "పేరు నాది, నంబరు నాది, ఫొటో నాది. అందురూ రాసుకున్యారు. నన్నడిగినోడు ఒగడు లేడు" అంది. గొంతు పెంచకుండా అంది. పెంచి ఉంటే నరసింహులుకు కాస్త నయంగా ఉండేది.

వాడు గోడకు ఆనుకుని ఉన్నవాడల్లా కదిలాడు. "అతీఖ్ భాయ్, నేనే పథకంలోంచి పోతే?"

"నువ్వు పోతే నామినీ గూడ పోతది. కానీ కంపెనీ కలిపింది నీకు రాదు. మళ్ల చేర్చుకోరు. సోచో, ఆలోచించుకో."

"రేయ్, ముసలితనంలో ఏం తింటావురా?" అన్నాను.

"మనిషిని పోగొట్టుకోని తినేదేందన్నా? తీసెయ్ భాయ్."

వేలిముద్ర వేశాడు.  అతీఖ్ అరబ్బీలో ఒక కాగితం తీసి, ఈమె మా పథకంలో ఎవరి భార్యా కాదని రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. కాగితం ఆమె చేతికి అందిందో లేదో, ఫోను టింగుమంది.

అతీఖ్ చదివి వినిపించాడు. "సభ్యుడు వైదొలిగారు. ఇకపై మీరు నామినీ కారు. అయితే తనిఖీల నిమిత్తం మీ వివరాలను ఏడేళ్లపాటు భద్రపరుస్తాం."

"ఏడేండ్లా?" అంది మునిలక్ష్మి. అతీఖ్ మెసేజీని మళ్లీ చదువుకున్నాడు, అంకె మారుతుందేమోనని.

నా నోరు ఊరుకోలేదు. "ఏడడుగులు వేయకుండానే ఏడేళ్లు వేశారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మునిలక్ష్మి లేచి నిలబడింది. "ఈ పొద్దు నేను ఎవురికీ ఏమీ కాను కదా?" అని అతీఖ్‌ను అడిగింది.

"ఏం కారక్కా. ముద్ర కొట్టి ఇచ్చినం."

ఆమె మొదటిసారి నరసింహులు వైపు తిరిగింది.

"అయితే ఇప్పుడడుగు."

ఆ మాటకు బెదిరి వాడు ఒక అడుగు ముందుకేశాడు.

"కాళ్లతో కాదు. నోటితో."

బిర్యానీ వాసన వేసే చేతులను చొక్కాకు తుడుచుకుని, వాడు ఎప్పటికో నోరు విప్పాడు. "మునీ... నీ పేరు నా పేరు పక్కన యాడన్నా రాయల్లంటే... రాసుకోవచ్చునా?"

ఆమె ఫోనును సంచిలో అడుగున పెట్టింది. కాగితాన్ని మడిచి దానిమీద పెట్టింది. సంచి జిప్పు లాగింది. "ముందు ఈ కాయితం చూపించి పని నిలబెట్టుకోవల్ల. బస్సుకు టైమైతాంది" అంది. తలుపు తీసి, వెనక్కి తిరగకుండానే, "వస్తా మామా" అని వెళ్లిపోయింది.

నరసింహులు ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెళ్లయిందని విన్నరోజు కూడా ఇంతగా బిత్తరపోలేదు.

"అన్నా, ఆయమ్మ ఎవురితో అనింది? ఫోనులో సాల్మియా మామాతో అనిందా?"

అతీఖ్ కంప్యూటర్ మీంచి తలెత్తకుండా అన్నాడు.

"సాల్మియా మామాకు తెలుగొస్తదా భాయ్?"