ఎవరు ఎవరిని పంపారు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తిరిగి, కువైట్ పోయొచ్చిన నలభై ఒక్క మంది ఆడవాళ్లను రెండే ప్రశ్నలు అడిగాను. నిన్ను పంపింది ఎవరు? నువ్వు పంపింది ఎవరిని? యూనివర్సిటీకి అది వలసల మీద పరిశోధన. నాకు పగ. మా చెల్లెలు కెరోలిన్ ఆ దేశానికి ఇంటిపనికి పోయి, వీపు నిండా వాతలతో పదకొండు నెలలకు తిరిగొచ్చింది. ఎవరు పంపారే అంటే నోరు విప్పదు.

పెద్ద కాగితం మీద పటంలా మనిషికొక చుక్క పెట్టాను. పంపినవారి నుంచి పోయినవారికి ఒక గీత గీశాను. కొందరు జవాబు దాటేశారు, వాళ్ల సంగతి పక్కింటివాళ్లు చెప్పారు. చివరికి కెరోలిన్ చుక్కకు వచ్చిన గీత, మా చర్చిలో అందరికంటే గట్టిగా పాటలు పాడే వనజమ్మ దగ్గర తేలింది. నా కడుపు మండిపోయింది. పోలీసులకు చెబితే ఏమొస్తుంది? నలుగురిలో దాని పరువు తీయాలి.

ఆదివారం జమ్మలమడుగులోని మా చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచాను. సాక్ష్యానికి లేచిన మనిషిని పాస్టరైనా మధ్యలో ఆపడు. పటం ఎత్తి పట్టుకుని, "మా చెల్లెల్ని ఆ నరకంలోకి తోసింది ఈ వనజమ్మే" అన్నాను. అందరి తలలూ అటు తిరిగాయి. నిజం చెప్పొద్దూ, కడుపులో చల్ల పోసినట్టయింది.

వనజమ్మ కూడా సాక్ష్యానికి లేచినట్టే లేచి, కొంగు తలమీదికి లాక్కుంది.

"నేనేనమ్మా పంపింది. కాదనను. పనికి గడువు రెండేండ్లు. పాస్‌పోర్టు ఆ ఇంటి మేడం బీరువాలో ఉండె. ముందే పోవాలంటే బదులు ఇంకో మనిషిని తెప్పియ్యమనె. మీ చెల్లెల్ని తెప్పిస్తి, బయటపడితి. శానా తెలివిగా గీతలు గీసినావే, మీ చెల్లెలు పదకొండు నెలలకే ఎట్లొచ్చెనో అడిగినావా?"

అడగలేదు. ఊళ్లన్నీ తిరిగి అడిగిన రెండో ప్రశ్న, ఇంట్లో ఉన్నదాన్ని అడగలేదు. దెబ్బలు తిన్నది ఇంకొకరికి అన్యాయం చేస్తుందని నాకు తోచనే లేదు. అక్కడే ఆడవాళ్ల చాప మీద కెరోలిన్ తల వంచుకుని ఉంది, ఎత్తలేదు.

వెనక నుంచి లింగాల జ్ఞానమ్మ వచ్చింది. కెరోలిన్ తిరిగొచ్చిన నెలలోనే ఆమె కూతురు సలోమి కువైట్ పోయింది. మూడు నెలలుగా ఫోన్ లేదు. నేను పటం మడవబోతే ఆమె అంచు పట్టుకుని, బైబిల్లోంచి పెన్ను తీసి నా చేతికిచ్చింది.

"మా సలోమి చుక్క లేదు కదమ్మా ఇందులో. పెట్టు. దాన్ని పంపినోళ్ల గీత కూడా గియ్యి, అందరూ సూసేట్టు."