పళ్ళ మధ్య తాడు

విజయలక్ష్మిని బయటికి తీసినప్పుడు బుట్టలో రొయ్యలు బతికే ఉన్నాయి.

గట్టు మీద నిలబడ్డ వాళ్ళంతా అది చూశారు. ధరణికోట దిగువన ఏటిమెరక కాలనీలో ఉన్న యానాదుల ఇళ్ళన్నీ ఖాళీ అయి ఒడ్డుకు వచ్చేశాయి. వల వేసి తీసిన మగవాళ్ళు ఆమెను ఇసుకలో పడుకోబెట్టి, నోట్లో ఉన్న తాడు లాగబోయారు. రాలేదు. పళ్ళు బిగిసిపోయి ఉన్నాయి. చివరికి కొడవలితో తాడు కోశారు. బుట్ట పక్కకు ఒరిగింది. నీలి కొండీల నీలకంఠ రొయ్య ఒకటి బుట్ట మూతి దగ్గర కాళ్ళాడిస్తూ దారి వెతుక్కుంటోంది.

రమణమ్మ ఆ రొయ్యనే చూస్తూ కూచుంది. చెల్లెలి ముఖం వైపు చూడలేదు. చూడనంతసేపూ అది ఇంకా జరగలేదన్నట్టే ఉంది.

ఆ కాలనీ ఆడవాళ్ళకు వలలు లేవు, పడవలు లేవు. రొమ్ముల లోతు కృష్ణలో ఒకరి వెనక ఒకరు నడుస్తారు. కాళ్ళతో నేలను తడుముతారు, చేతులతో రాళ్ళ సందుల్ని తడుముతారు. రెండు చేతులకూ పని ఉంటుంది గనక బుట్ట తాడును పళ్ళతో కరిచి పట్టుకుంటారు. నీళ్ళలో ఉన్నంతసేపూ మాట ఉండదు. చెప్పాల్సింది చేత్తో చెప్పుకోవాలి. ఆడపిల్లను మొదటిసారి ఏట్లోకి దింపేటప్పుడు చెప్పే మాట ఒక్కటే: "ఏం జరిగినా నోరు తెరవమాక. తెరిచావా, పొద్దుటి కూడు ఏట్లో పోద్ది." విజయలక్ష్మికి ఆ మాట చెప్పింది రమణమ్మే. తల్లి లేని పిల్లను తల్లిలా పెంచి, తల్లిలాగే చెప్పింది.

ఆ పొద్దున వరసలో ముందు రమణమ్మ, ఆమె వెనక చెల్లెలు. కొంత దూరం నడిచాక వెనక్కి తిరిగి చూస్తే విజయలక్ష్మి ముఖం అలిసిపోయి ఉంది. రమణమ్మ ఎడమచెయ్యి ఎత్తి పక్కకు చూపించింది. అక్కడ నీళ్ళ కింద మెరక ఉంది. మోకాలి లోతు కూడా ఉండదు. వాళ్ళ అమ్మమ్మ కాలం నుంచీ ఆడవాళ్ళు అలుపు తీర్చుకునే చోటు. పోయి కాసేపు కూచోమని ఆ చెయ్యి చెప్పింది. విజయలక్ష్మి తలూపి అటు తిరిగింది. రమణమ్మ ముందుకు సాగింది. మళ్ళీ చూసేసరికి ఏరు నున్నగా ఉంది. కేక లేదు. ఎలా వస్తుంది? పళ్ళ మధ్య తాడు ఉందాయె.

మెరకను పడవ మీద తేలే ఇసుక మిషను తోడేసింది. మిషను రొద ఇళ్ళలోకి వినపడుతూనే ఉండేది. అది నడి ఏట్లో తవ్వుకుంటోంది, మన జోలికి రాదులే అనుకున్నారు. ఆ ఆడవాళ్ళు ఏటిని గుర్తుపెట్టుకునేది కాళ్ళతో. రాత్రికి రాత్రి నేల ఎత్తుకుపోయే వాళ్ళుంటారని ఆ కాళ్ళకు తెలియదు.

త్రికోటేశ్వరరావు బండి దిగి గట్టు మీద నుంచే చూశాడు. ఇసుక కాంట్రాక్టరు తరఫున ఊళ్ళో పనులు చక్కబెట్టేది అతనే. ఏ పార్టీ వచ్చినా పెత్తనం మాత్రం అతనిదే.

"అయ్యో పాపం. మూర్ఛలొస్తాయంట గదా ఆ పిల్లకి?"

"ఎవురు చెప్పారయ్యా?" అన్నది పోలమ్మ. కాలనీలో అందరికంటే పెద్దది.

"ఎవరో అనుకుంటంటే విన్నాలే."

"ఇంకా ఒళ్ళు తడారలా. అప్పుడే రోగం గూడా అంటగట్టారా?"

జనంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. త్రికోటేశ్వరరావు పోలమ్మను వదిలేసి, మగవాళ్ళలో పెద్దమనిషి జ్ఞానయ్య భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు.

మట్టి చేసి వచ్చాక చర్చి రేకుల కింద అందరూ కూచున్నారు. జ్ఞానయ్య లేచి నిలబడ్డాడు. రమణమ్మకు బాబాయి వరస.

"విచారణకు ఆఫీసరు వస్తన్నాడంట. మూర్ఛొచ్చి పడిందని చెప్తే మనల్ని ఏట్లోకి దిగనిస్తారు. మగోళ్ళకు ఇసుక లోడింగు పని ఇప్పిస్తానంటన్నాడు త్రికోటేశ్వరరావు. గుంట అన్నామా, ఏరంతా ఇసుక తవ్వే రీచ్ కిందకి వస్తదంట. కాలు పెడితే కేసంట."

"పోయిన మనిషి ఎట్టాగూ రాదు గదా," అన్నాడొకడు వెనక నుంచి.

"రేపు నేను పడతా. నాకేం రోగం ఉందని చెప్తావురా?" నూకాలమ్మ వాడి మీదికి లేచింది. "ఇప్పుడే ఎంచి పెట్టు. నా మొగుడికి గూడా చెప్పి పోతా."

"ఎటకారాలొద్దే. పిల్లలకి కూడెట్టా?"

"గుంటలో పడి చస్తే పిల్లలకి కూడెట్టా, అది చెప్పు ముందు."

అరుపులు పెరిగాయి. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క అయ్యారు. ఉన్నట్టుండి పోలమ్మ తన బోసినోరు వేలితో చూపించింది.

"ఇదిగో, చూడండి. పళ్ళూడిపొయ్యాక నేను బుట్ట మెళ్ళో కట్టుకుంటన్నా. ఏట్లో నోరున్నది నా ఒక్కదానికే. నేను పడితే కేకన్నా ఏస్తా. మీకు పళ్ళున్నాయని మురిసిపోతన్నారు గానీ, ముండల్లారా, అయ్యి ఊడిందాకా మీకు మాట లేదు."

అందరూ రమణమ్మ వైపు తిరిగారు. విచారణలో అడిగేది ఆమెనే. చెల్లెల్ని ఆఖరున చూసింది ఆమె.

చెల్లెల్ని తీసినప్పటి నుంచీ ఆమె దవడలు విడలేదు. గంజి పోస్తే పళ్ళ సందుల్లోంచి పీల్చింది. ఏడుపు కూడా ఆ పళ్ళ దాకా వచ్చి వెనక్కి పోయింది. లోపల మాత్రం ఒక చెయ్యి ఎడమ పక్కకు లేస్తూనే ఉంది. ఎంత అణిచినా మళ్ళీ లేస్తోంది. ఎవరితోనూ అనలేని సంగతి ఇంకొకటి ఉంది. మూర్ఛ అన్న మాట చెవిన పడ్డప్పుడు ఆమె లోపల ఏదో చల్లబడింది. మూర్ఛే అయితే చెల్లెల్ని చంపింది తన చెయ్యి కాదు. రోగం. దేవుడు. అబద్ధమని తెలిసి కూడా ఆ మాట పక్కన చలికాగినట్టు కూచుంది. తన మీద తనకు అసహ్యం వేసింది. అయినా అక్కడి నుంచి లేవలేకపోయింది.

"మాట్లాట్టం లేదంటే సరేనన్నట్టేగా," అన్నాడు జ్ఞానయ్య. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేదు.

విచారణ రోజు గట్టు మీద టెంటు వేశారు. కుర్చీలు, నీళ్ళ సీసాలు వచ్చాయి. మిషనును వంపు అవతలికి లాగి పరదా పట్టా కప్పారు. ఆఫీసరు బూట్లకు ఇసుక అంటకుండా గట్టు మీద పరిచిన ఇంకో పట్టా మీదే నడిచాడు. త్రికోటేశ్వరరావు పక్కన నిలబడి జ్ఞానయ్యకు సైగ చేశాడు.

"మూర్ఛండీ," అన్నాడు జ్ఞానయ్య నేల చూపులు చూస్తూ. "చిన్నప్పటి నుంచీ ఉందండీ."

ఆఫీసరు తలూపాడు. "ఇక్కడ తవ్వకాలేం లేవు. నది అడుగు సహజంగానే ఉంది. మా వాళ్ళు చూశారు." అప్పుడు రమణమ్మ వైపు చూశాడు. "నువ్వేగా అక్కవి? ఏమ్మా, అంతేనా? తలూపితే చాలు."

తలూపితే చాలు. నోరు తెరవనక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా ఆమెను అడిగింది అంతే. కొనే షావుకారు ధర చెప్పి తలూపమన్నాడు, ఓటు అడిగినవాడు తలూపమన్నాడు. విజయలక్ష్మి కూడా ఆ పొద్దున తలూపింది. ఊపి అటు తిరిగింది.

రమణమ్మ లేచి కుర్చీల పక్కనుంచి నడిచి నీళ్ళలోకి దిగింది. ఎవరూ ఆపలేదు. ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. మోకాళ్ళు, నడుము, రొమ్ములు మునిగాయి. అడుగు తీసి అడుగు పెడుతూ ఎడమ పక్కకు తిరిగింది. ఒకచోట కుడికాలి వేళ్ళకు నేల తగల్లేదు. అడుగున నీళ్ళు మంచులా ఉన్నాయి. ఎండ ఎన్నడూ సోకని చల్లదనం. ఇక్కడే. ఆమె ఆ అంచు మీద ఆగి ఒడ్డు వైపు తిరిగింది. పళ్ళు విడిపోయాయి. వచ్చిన గొంతు తనదేనా అన్నట్టు మొదట తనే ఉలిక్కిపడింది.

"సారూ! దిగు!"

ఆఫీసరు లేచి నిలబడ్డాడు.

"అడుగంతా బాగుందన్నావుగా. నాకాడికి రా."

"ఏమ్మా, నాకు ఈత రాదు."

"మా చెల్లెలు ఈదను దిగలా. నడవను దిగింది. నువ్వూ నడువు. నేలేగా!"

త్రికోటేశ్వరరావు అరిచాడు. "ఏమే, ఒళ్ళు కొవ్వెక్కిందా? బయటికి రా!"

"నువ్వు దిగయ్యా అయితే. నీ ఏరేగా. దిగు!" రమణమ్మ ఎడమచెయ్యి పైకెత్తింది. "మెరకుందని ఈ చెయ్యే చూపిచ్చింది. నేనే పొమ్మన్నా. దానికి మూర్ఛా లేదు, మన్నూ లేదు. నేను చెప్పిన చోటికి పోయింది. ఆడ నేల లేదు. చెయ్యి నాది. నేలెత్తుకుపోయింది మీరు!"

ఆఫీసరు బూట్లు పట్టా అంచు దగ్గరే ఆగిపోయాయి. అతను నీళ్ళ వైపు చూసిన చూపు అక్కడున్న అందరికీ అర్థమైంది. గుంట ఉందని అతనికి తెలుసు.

"రాడే!" అని పోలమ్మ చేతులు చరిచింది. "సారు రాడు. సారుకి గూడా మూర్ఛేమో కనుక్కోండే!"

ఈసారి నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే నూకాలమ్మ దిగింది. ఆమె వెనక పోలమ్మ, ఆమె వెనక కాలనీ ఆడవాళ్ళంతా బుట్టలు లేకుండా చేతులు పట్టుకుని దిగారు. రమణమ్మ అంచు చెబుతూ పోయింది, వాళ్ళు అంచు వెంట నిలబడుతూ పోయారు. మెరక ఉండిన చోటు చుట్టూ తలల వరస తేలింది. పక్కనున్న సత్రం రేవు మెట్ల వైపు నడిచిన నూకాలమ్మ "ఈడ గూడా ఉందే, ఇంకా పెద్దది!" అని అరిచింది. వరస అటు సాగింది. ఏటి అడుగున దాచిన దొంగతనం ఆడవాళ్ళ తలకాయలతో నీళ్ళ మీద గీత గీసినట్టు కనపడింది.

ఆఫీసరు జీపెక్కి వెళ్ళిపోయాడు. త్రికోటేశ్వరరావు ఫోన్ చేశాడు. వంపు అవతల పరదా లేచి మిషను కదిలింది. బెదిరిస్తే పారిపోతారని అతని లెక్క. ఇంజన్ రొదకు నీళ్ళు అదిరాయి, అలలు నోళ్ళలోకి కొట్టాయి. చేతులు విడలేదు.

మిషను నడిపేది కాలేషా. చిలకలూరిపేట మెకానిక్కు, రోజుకూలీ. దగ్గరికి వచ్చాక అతనికి తలలు మనుషులుగా కనపడ్డాయి.

"ఒరేయ్ పోనియ్యరా! వాళ్ళే జరుగుతారు!" అని గట్టు మీంచి అరిచాడు త్రికోటేశ్వరరావు.

కాలేషా ఇంజన్ ఆపేశాడు. అప్పుడు ఏరు వినపడింది. అందరికీ వినపడింది.

"నేను నడపను సార్," అన్నాడు. ఆ తరువాత ఆడవాళ్ళ వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "నాకు తెలీదక్కా. ఈడ తోడమంటే ఈడ తోడా. మనుషులు నడిచే చోటని చెప్పలా."

రమణమ్మ అతన్ని చూసింది. ద్వేషించాలని వెతుక్కుంది. తన చెయ్యిలాంటి చెయ్యే లివర్ మీద ఉంది. ఎవరో చూపించిన చోటికి పోయిన చెయ్యి.

పక్కన నీళ్ళు కదిలాయి. జ్ఞానయ్య. చొక్కాతోనే దిగాడు. ఏడుస్తూ ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆమె లాక్కోలేదు.

పోలీసులు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. లాఠీలున్నాయి గానీ నీళ్ళలోకి దిగడానికి ఒక్కరూ సాహసించలేదు. ఎక్కడ నేలుందో ఆ ఆడవాళ్ళకే తెలుసు. పొద్దు వాలేదాకా కాచుకున్నారు. పోలమ్మ పెదాలు నల్లబడి వణుకుతుంటే రమణమ్మే అందరినీ బయటికి నడిపించింది. తడిబట్టలతోనే వాను ఎక్కించారు. కాలేషాను వేరే బండిలో, కొడుతూ ఎక్కించారు.

స్టేషన్లో గోడకు ఆనుకుని కూచున్నారు. ఇకమీదట ఏట్లోకి దిగబోమని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. ఎవరూ ఒప్పుకోలేదు. నూకాలమ్మ ఒళ్ళో తల పెట్టుకుని రమణమ్మ అప్పుడు ఏడ్చింది. పెద్దగా, నోరు తెరిచి, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. కానిస్టేబులు ఊరుకోమనడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

తెల్లవారాక అతని ఫోన్ మోగింది.

"ఏంది? మళ్ళీ దిగారా? ఎవరు? ...పల్లెకారోళ్ళా?"

ఆడవాళ్ళంతా తలలెత్తారు. అమరావతి వైపు పల్లెకారోళ్ళకు పడవలుంటాయి. ఈ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి కాలనీతో తగాదా పడ్డవాళ్ళు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఏట్లోకి దిగి చేతులు పట్టుకుని నిలబడ్డారట.

"ఎక్కడ?" అన్నాడు కానిస్టేబులు. "సత్రం రేవు కాడా?"

నూకాలమ్మ కళ్ళలో వెలుగు వచ్చింది. పోలమ్మ గోడ పట్టుకుని లేవబోయింది. రమణమ్మ మాత్రం అప్పటికే గుమ్మం దగ్గర ఉంది. ముఖంలో సంతోషం లేదు, భయం ఉంది.

"అయ్యా, వాళ్ళు పడవలోళ్ళు. నడిచినోళ్ళు కాదు. రేవు మెట్లు దాటినాక గుంటుంది. నిన్న చూశాం. చెప్పయ్యా! మెట్లు దాటొద్దని చెప్పు!"

కానిస్టేబులు లోపలి గది వైపు చూశాడు. అక్కడ ఎస్సై బల్ల మీద విచారణ కాగితం ఉంది, అడుగు సహజంగా ఉన్నదని. ఆమె ఇనప గేటు పట్టుకుని ఊపుతోంది. వెనక నుంచి ఆడవాళ్ళంతా అదే మాట అరుస్తున్నారు. అతను ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"అరే, వినండి. వాళ్ళని రేవు మెట్లు దాటనీయమాకండి," అన్నాడు. "ఆడ గుంట ఉంది."