ఆరడానికి ఒక రోజు

బకెట్లోంచి మూడో ముక్కను కూడా పైకి తీసి, జిగురు మామ దాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. అరచేయంత ఫైబరు పలక, దానికి అతికించిన రెండంగుళాల రబ్బరు పట్టీ, పట్టీ చివర తీగతో వేలాడగట్టిన ఇనుప నట్టు. మూడు రోజులు ఏటి నీళ్ళలో నానిన ముక్కలు. పట్టీ అంచు కిందికి బొటనవేలి గోరు దూర్చి, కళ్ళు మూసుకుని లాగాడు. చూస్తే తెలిసే పని కాదది, వేలికి తెలియాలి అంటాడు.

ఆయన అసలు పేరు ఆ షెడ్డులో ఎవరికీ గుర్తు లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పడవల మరమ్మతులో ఆయన చేసింది ఒకటే, ఊడినదాన్ని తిరిగి అతికించడం. వేళ్ళ చివర చర్మం బిరుసెక్కి, గీతలు అరిగిపోయి, నున్నగా మెరుస్తుంది.

ఇప్పుడు ఊడింది జనాన్ని ఏరు దాటించే ఒక్కగానొక్క పడవది. సైకిళ్ళు ఎక్కించడానికి దాని పొట్టకు ఒక పక్కన తలుపు ఉంది. తలుపు కింది అంచుకూ నీటికీ మధ్య ఒక్క జానెడే దూరం. నీళ్ళు లోపలికి రాకుండా ఆ చట్రం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఊడి వచ్చింది.

మొదటి పలక మీద పసుపు బంక, చెప్పులకు వాడే రకం. గోరు తగలగానే అంచున లేచింది. రెండోది రెండు ట్యూబులు కలిపి పూసే జిగురు. అది రాయిలా బిగిసింది గానీ, వంచి చూస్తే పక్కనే రబ్బరు చిరిగింది. మూడోది నల్లది, గొట్టంలోంచి ముద్దలా వస్తుంది. లాగితే పట్టీతో పాటు సాగింది, వదిలితే వెనక్కి వచ్చింది. దానితో చిక్కల్లా ఒక్కటే. ఆరడానికి పూర్తిగా ఒక రోజు కావాలి. అందాకా పడవ నీళ్ళు తాకకూడదు.

పడవ నడిపే సరంగు టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేపు మొదటి ట్రిప్పుకి దించేద్దామా మామా?"

"ఎల్లుండి."

"ఆ పసుపుది పూసెయ్యరాదూ. పది నిమిషాల్లో పట్టేస్తుంది."

"పట్టేస్తుంది. పది రోజుల్లో వదిలేస్తుంది."

"అందుకే నీకు సంబంధాలు అతకలేదు. పెళ్ళికూతుర్ని కూడా మూడు రోజులు బకెట్లో నానబెడతానని ఉంటావు."

జిగురు మామ నవ్వాడు. సరంగు గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ అక్కని అవతలికి తీసుకెళ్ళాల్సింది రేపే కదా?"

జిగురు మామ నట్టుకున్న తీగ విప్పి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

గుండె డాక్టరు ఉండేది అవతలి ఒడ్డున. రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్తే బస్సులో ఐదు గంటలు. అక్క బస్సులో అరగంట కూడా కూర్చునే స్థితిలో లేదు. రేపు రమ్మన్నాడు డాక్టరు, ఎల్లుండైనా చూస్తాడు. కానీ ఆలస్యం చెయ్యకండి అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేసరికి అక్క కిటికీ పక్క కుర్చీలోనే ఉంది. పడుకుంటే ఊపిరాడదని నెల రోజులుగా నిద్ర కూడా అందులోనే. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే పెంచింది ఈ అక్కే. భర్త పోయాక తిరిగొచ్చి, ఉండిపోయింది.

"ఏరా, ముఖం అలా వేలాడేశావేం? ఇవాళ ఏది ఊడింది?"

"పసుపు బంక పూస్తే రేపు పొద్దున్నే నిన్ను తీసుకెళ్ళొచ్చక్కా. నల్లదైతే ఎల్లుండి."

అక్క రెండు మూడు సార్లు ఊపిరి పీల్చుకుంది.

"నువ్వు పనిలో చేరిన కొత్తలో, నడిఏట్లో ఊడింది చూడు పట్టీ, దానికి ఏది పూశావు?"

"పసుపుదే."

"మోకాళ్ళ దాకా నీళ్ళు. చెంబుతో తోడీ తోడీ నా చేతులు పడిపోయాయి. పక్కనున్నావిడ అతికించినవాణ్ణి తిడుతుంటే, వాడు మా తమ్ముడేనని చెప్పుకోలేక నేను కూడా తిట్టాను."

నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు తగ్గేదాకా ఆయన వీపు రాస్తూ నిలబడ్డాడు. కుర్చీ చేతిని పట్టుకున్న ఆమె గోళ్ళు నీలంగా ఉన్నాయి.

"రేపు నేనెక్కుతాను, సరే. పదకొండో రోజు ఎవరి అక్క ఎక్కుతుందో," అంది. "ఎల్లుండే పోదాం. ఒక్కరోజుకి నేనేం కరిగిపోను. ముందు అన్నం తిను."

షెడ్డుకి తిరిగొచ్చి చట్రాన్ని థిన్నరు గుడ్డతో తుడిచాడు. పట్టీ వెనక భాగాన్ని గరుకు కాగితంతో రుద్దాడు. తర్వాత పసుపు డబ్బా మూత తీసి, కుంచె చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. వాసనకు కళ్ళు మండాయి. మూత పెట్టి, సుత్తి పిడితో చుట్టూ కొట్టి బిగించాడు. గొట్టం అందుకుని, చేయి వణకకుండా నల్లటి గీత ఒకటి చట్రం పొడుగునా తెగకుండా గీశాడు. పట్టీని అరచేత్తో అదుముతూ పోయి, చెక్కలు అడ్డుపెట్టి బిగించాడు. చెక్క ఇమడని మూలల్లో బొటనవేలు పెట్టి, ఒక్కో మూలకు వంద లెక్కపెట్టాడు.

ఎండ ఇంకా ఉండగానే ఇల్లు చేరాడు. అక్క తల కిటికీ వైపు వాలి ఉంది. రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

ఆమె కళ్ళు మూయబోయి, వేళ్ళకున్న నలుపు చూసుకుని ఆగాడు. పెరట్లోకి వెళ్ళి నూనె రాసి, సబ్బుతో రుద్ది, మళ్ళీ నూనె రాసి కడుక్కున్నాడు. అప్పుడు వచ్చి మూశాడు.

పక్కింటావిడ వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"నాలుగింటికి కూడా మాట్లాడారు అన్నయ్యా. బకెట్లో నీళ్ళు పెట్టమన్నారు. నేను కడుగుతానన్నా ఒప్పుకోలేదు."

కబురు తెలిసి సరంగు వచ్చాడు. ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పసుపు బంక పూసినా పడవ కదిలేది రేపు పొద్దున్నే, ఇవాళ కాదు. జిగురు మామ ఆ లెక్క మనసులో మళ్ళీ మళ్ళీ వేసుకున్నాడు. వేసిన ప్రతిసారీ సరిగ్గానే వచ్చింది.

చాప తీయడానికి తలుపు రెక్కను ఇవతలికి లాగాడు. దాని వెనక, గోడకు నిలబెట్టి, అక్క చెప్పులు ఉన్నాయి. ఆరు నెలలుగా గడప దాటనివి, మట్టి లేకుండా తోమి కడిగినవి. కుడిది ఆరింది. ఎడమదానికి తోలు వారు కింద ఇంకా తడి ఉంది.