పాటగది

శాలిబండలో అనంతపద్మనాభం గారి ఇల్లు అమ్మకానికి వచ్చిందని తెలిసినప్పటి నుంచి నాకు స్థిమితం లేదు. పాతబస్తీలో సంగీతం నేర్చుకున్నవాళ్లలో ఆ గుమ్మం ఎక్కనివాళ్లు తక్కువ. మా గురువుగారు నేర్చుకున్నదీ అక్కడే, ఆయన దగ్గరే. పెద్దాయన పోయి ఆరేళ్లయింది. పైన నలభై ఏళ్లు పాఠాలు నడిచిన గది అలాగే ఉందట. అందులో కూర్చుని మా అమ్మాయి అమృత సాధన చెయ్యాలి. నాకు కావలసింది అంతే.

సందులోకి కారు రాదని మావారి బాధ. కంచన్‌బాగ్‌లో ఆయన ఆఫీసుకు దగ్గరవుతుందని చెప్పి ఒప్పించాను. ఇళ్లు చూపించే కృష్ణయ్య మాత్రం మొదటి నుంచీ నా పక్షమే. ఇంటికోసం చాలామంది వస్తున్నారనీ, పెద్దాయన భార్య గోదమ్మ ఎవరికీ తేల్చి చెప్పడం లేదనీ అన్నాడు.

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పాపతోని ఒక్క కీర్తన పాడించుండ్రి. ఆ ఇంట్ల మళ్ల పాట ఇనబడితే ముసలామె కరిగిపోతది. బేరం నాకొదిలెయ్యుండ్రి."

నాకది మంచి ఆలోచన అనిపించింది. వారం రోజులు అమృత చేత ఒకే కీర్తన పాడించాను. పదహారేళ్ల పిల్ల. కూర్చోమంటే కూర్చుంటుంది, పాడమంటే పాడుతుంది. ఇంత బుద్ధిమంతురాలైన కూతురు ఎవరికి ఉంటుందని అందరితో చెప్పుకునేదాన్ని.

ఆదివారం పొద్దున పదింటికి నలుగురం వెళ్లాం. గోదమ్మగారికి డెబ్బై దాటి ఉంటాయి. వంటింటితో మొదలుపెట్టి కింద అంతా తనే తిప్పి చూపించింది. గోడకు చెమ్మ ఎక్కడ పడుతుందో, ఎండాకాలం నీళ్లు ఎన్ని రోజులకు వస్తాయో, ఏదీ దాచలేదు. పై గదికి మాత్రం తాళంచెవి చేతిలో పెట్టి, చూసి రమ్మంది. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను.

గది పెద్దది. శిష్యులు వీపు ఆనించి కూర్చున్నంత మేర గోడ సున్నం నున్నబడిపోయింది. నేను కళ్లతోనే సైగ చేశాను. అమృత నేలమీద కూర్చుని మొదలుపెట్టింది. ఆ గదిలో పిల్ల గొంతు ఎంత నిండుగా ఉందంటే నా కళ్లు చెమర్చాయి. పల్లవి అయ్యి అనుపల్లవిలోకి వచ్చేసరికి మెట్లమీద అడుగులు వినిపించాయి. గోదమ్మగారు గోడ పట్టుకుని ఎక్కి వస్తోంది. వినడానికేనని నేను పక్కకు జరిగి చోటిచ్చాను.

ఆమె తిన్నగా వెళ్లి వంగి, అమృత నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సాలు బిడ్డా. ఇగ సాలు."

కృష్ణయ్య ముందుగా తేరుకుని, ఈమె పెద్దసారు శిష్యుడి దగ్గర నేర్చుకున్నామె, ఆమె బిడ్డే ఈ పాప అని చెప్పబోయాడు.

"ఎరికే. గందుకే ఆపిన" అంది ఆమె.

కిటికీ అరుగుమీద కూర్చుని చాలాసేపు ఆయాసపడింది. తర్వాత కూతురు కళావతి గురించి చెప్పింది. పెద్దాయన తెల్లవారుజామునే ఆ పిల్లను ఈ గదిలో కూర్చోబెట్టేవాడట. స్వరం తప్పితే, అది సరిగ్గా పలికేదాకా అన్నం లేదు. శిష్యుల్ని ఒక్క మాట అనని మనిషి. ఆ నెమ్మదంతా వాళ్లకే. పన్నెండో ఏట ఒకరోజు కళావతి మాట్లాడడం మానేసింది. ఇంట్లోనే కాదు, బళ్లోనూ. డాక్టర్లు చూసి గొంతులో ఏమీ లేదన్నారు.

"నోరు తెరిస్తే పాడమంటడని మాటే బందు పెట్టింది. రెండేండ్లు. నేను కింద వంట చేసుకుంట ఉన్న. ఒక్కనాడు పైకొచ్చి ఆపలే."

మా దేవుడి గదిలో మా గురువుగారి పటం పక్కన ఆ పెద్దాయన పటం ఉంది. రోజూ ముందు ఆయనకే దణ్ణం పెడతాను. కళావతి ఇప్పుడెలా ఉందని మావారు అడిగారు.

"మంచిగనే ఉన్నది. అందరితోని మాట్లాడ్తది. నాతోనే తక్కువ."

ఏదో ఒకటి అనాలి కదా. "మా ఇంట్లో అలాంటిదేం లేదండీ. మా అమ్మాయికి పాటంటే ప్రాణం" అన్నాను.

గోదమ్మగారు నా వైపు చూడలేదు.

"పాడుడు నీకిష్టమేనా బిడ్డా?"

అమృత నా వైపు చూసింది. చెప్పమన్నట్టు నవ్వాను. పిల్ల మళ్లీ ఆవిడ వైపు తిరిగి, లేదన్నట్టు తల ఊపింది.

"ఎప్పటి సంది?"

"గుర్తులేదండీ."

నేను మావారి ముఖంలోకి చూశాను. ఆయన నాలా ఉలిక్కిపడలేదు. తల దించుకున్నారు, అంతే. ఆయనకు ముందే తెలుసు.

"ఇల్లు మీకే ఇస్త. ఈ గది పిల్లకియ్యుండ్రి. పండుకుంటదో, సదువుకుంటదో, ఆమె ఇష్టం. పాట మాత్రం వద్దు" అంది గోదమ్మగారు.

కృష్ణయ్య ముఖం వెలిగింది. మంచిరోజు గురువారం ఉందన్నాడు, ఇవాళే బయానా ఇచ్చేస్తే మాట ఖాయమన్నాడు. నాకు ఒక్క ముక్కా తలకెక్కడం లేదు. ఏ పని కోసం ఈ ఇల్లు కావాలనుకున్నానో, ఆ పని ఇక లేదు.

అమృత లేచి కిటికీ దాకా నడిచింది. అక్కడి నుంచి గుమ్మం దాకా అడుగులు వేసుకుంటూ వచ్చింది. "మంచం ఇక్కడ పడుతుంది కదా బామ్మగారూ?" అని అడిగింది. నన్ను కాదు.

"బయానా ఇచ్చెయ్యండి" అన్నాను మావారితో.

అమృత నడక ఆపి నా ముఖంలోకి చూసింది. నేను మాట మార్చుకుంటానేమోనని చూస్తూనే ఉంది.