ఇద్దరిచ్చిన మాత్ర

మా ఆయన మిషను మీద చొక్కా కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి పడిపోయింది. నేను కేక పెడితే ఆయన అక్క పక్క వాటాలోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ వదినకీ నాకూ మాటల్లేక ఏళ్లయింది. చెరో పక్కా పట్టుకుని ఆటో ఎక్కించాం, అప్పుడు కూడా నోరు విప్పకుండానే.

ఆస్పత్రిలో స్కాన్ తీసి, మెదడులో రక్తం కారుతోందన్నాడు డాక్టరు. గుండె లయ తప్పుతోందని ఆయన రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నాడు. అందుకే కారడం ఆగడం లేదట. ఫిల్ములో తెల్లగా ఉన్న మచ్చ చూపించి, ఇది పెరిగితే మనిషి దక్కడం కష్టమన్నాడు. విరుగుడు ఇచ్చేముందు ఒంట్లో ఎంత మందుందో తెలియాలట.

“పొద్దున మాత్ర ఎవరిచ్చారమ్మా?”

“నేనే,” అన్నాను. పక్కనుంచి వదిన కూడా అదే మాట అంది.

గిరుక్కున ఆవిడ వైపు తిరిగాను. నాది మతిమరుపని, ఆవిడ ఆ మాత్రలే విడిగా తెప్పించి ఈ మధ్య రోజూ ఇస్తోందట. నేనిచ్చిందీ మింగాడు, ఆవిడిచ్చిందీ మింగాడు మహానుభావుడు.

డాక్టరు మమ్మల్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. విరుగుడు ఎక్కించమనీ బీపీ దించమనీ నర్సుకి పురమాయించి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ స్కాన్ తీస్తేగాని ఆగిందో లేదో తెలియదట.

కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది, నా మీద అంతకన్నా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేవడం, మా కోసం కాదని తెలిసి కూలబడడం.

“వాడికేమన్నా అయితే నేను బతకను,” అంది వదిన గోడకేసి చూస్తూ.

నేనూ అంతేనని నేనూ ఆ గోడకే చెప్పాను.

సాయంత్రం తీసిన స్కానులో మచ్చ పెరగలేదు. గండం గడిచినట్టేనా అంటే, ఇంకా కనిపెట్టుకుని ఉండాలన్నారు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

లోపలికి వెళ్లేసరికి ఆయన కళ్లు తెరిచి ఉన్నాడు. ఏడుపు పోయి కోపం ముంచుకొచ్చింది నాకు.

“ఒకటి వేసుకున్నానని చెప్పడానికి నోరు పడిపోయిందా?” అనేసి నాలిక్కరుచుకున్నాను.

ఆయన పెదవులతో చాలాసేపు తంటాలు పడ్డాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

“చెబితే... మళ్లీ గొడవేగా.”

మా నోళ్లకి భయపడి రోజూ రెండూ మింగాడు మనిషి. వదినా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.