ఇరవై ఏడో గొట్టం

ఆ ప్రకటన మా శీతల గది తలుపు మీద నెల రోజులుగా అంటించి ఉంది. ఉత్తర ధ్రువ ప్రాంతపు భూగర్భ, భౌతిక భూగోళ శాస్త్రాల్లో పీహెచ్‌డీకి మూడు సీట్లు. రెండు ఎవరికో అయిపోయాయి. మూడోది మా సారు కింద. చివర్లో 'వయసుతో పని లేదు' అని రాశారు. ఆ ఒక్క ముక్కే నన్ను చెడగొట్టింది. లేకపోతే నలభై రెండేళ్ళ ల్యాబ్ అసిస్టెంటుకి, పొద్దున లేస్తేనే నడుం పట్టేసే మనిషికి, ఎందుకొచ్చిన గొడవ?

నా పనేమిటంటే, మంచు కరిగి ఏర్పడిన చెరువుల అడుగున గొట్టం దింపి, పొరలు చెదరకుండా బురదను పైకి లాగుతారు. ఆ గొట్టాలు మా దగ్గరికి వస్తాయి. వాటిని తుడిచి, నిలువునా చీరి, నాలుగు డిగ్రీల చలిలో భద్రంగా ఉంచడం నా వంతు. బయట ఎండ మండిపోతున్నా నా ఒంటి మీద రెండు స్వెటర్లు ఉంటాయి. పదకొండేళ్ళయింది. నేను చూసిన ఉత్తర ధ్రువమంతా గొట్టాల్లోనే. సీటొస్తే వచ్చే వేసవికి ఆ చెరువుల దగ్గరికే తీసుకెళ్తారు. అక్కడ ఒక్కసారి నిలబడాలని నాకెంత ఆశో ఎవరికి చెప్పుకోను?

"నువ్వు పెట్టమ్మా అప్లికేషను," అని సారే అన్నారు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని గదంతా వెతికే మనిషి ఆయన. "ఆ మట్టి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?"

సీటు మొత్తం ఇరవై ఏడో గొట్టం మీద నిలబడింది. అది తీసిన చెరువులోని మిగతా గొట్టాలన్నీ మంచు వెనక్కి తగ్గిందని చెప్తాయి, అంతే. ఇరవై ఏడు మాత్రం తగ్గిన మంచు మళ్ళీ ముందుకొచ్చిందంటుంది. ఎందుకొచ్చిందో తేల్చడమే పీహెచ్‌డీ.

గురువారం ఇంటర్వ్యూ. ఆ గొట్టంలోని పొరల బొమ్మ గీసి తీసుకెళ్దామని మంగళవారం భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. గంట గడిచేసరికి అసలు సంగతి కనబడింది. బురద నీళ్ళు గిన్నెలో పోస్తే ఇసుక ముందు దిగుతుంది, మెత్తటి మట్టి దాని మీద కూర్చుంటుంది. ధ్రువంలో చెరువైనా అంతే. ఈ గొట్టంలో ప్రతి పొరలోనూ మెత్తనిది కింద ఉంది, ఇసుక పైన ఉంది. వెంట్రుకంత పొరలు. గొట్టాన్ని స్కాన్ చేసే యంత్రం ఇచ్చిన గీతలు చూసి అందరూ పేపర్లు రాసేశారు గానీ, మట్టిని చూసిన నాథుడు లేడు. గొట్టం తలకిందులుగా ఉంది. తిరగేసి చదివితే, వెనక్కి తగ్గిన మంచు ముందుకొచ్చినట్టే కనిపిస్తుంది మరి.

పై కొసకి ఎర్ర మూత, కింది కొసకి నల్ల మూత, పక్కన పైకి చూపే బాణం. అదీ మా పద్ధతి. ఆ బాణం గీసిన చేయి నాదే. ఉద్యోగంలో చేరిన మొదటి నెల అది. గొట్టాలకి పట్టిన బురద తుడవమంటే, అక్కడివాళ్ళు గీసిన బాణంతో సహా తుడిచేసి, మూతలు అటుదిటు పెట్టి, కొత్త బాణం గీసిన మహాతల్లిని నేనే.

మా ఆయన టైలరు. మిషను ఆపకుండానే అంతా విన్నాడు.

"ఎవరైనా కనిపెడతారా?"

"ఇన్నేళ్ళుగా కనిపెట్టలేదు."

"మరింకేం? సీటొచ్చాక నిదానంగా చెప్పొచ్చుగా."

"ఏమని? నా తప్పు మీదే నాకు పట్టా ఇవ్వండి అనా?"

గుండీలు కుడుతున్న మా అత్తగారు తలెత్తింది. "మట్టికి పైనా కిందా ఏంటే? ఎటు తిప్పినా మట్టే కదా!"

నాకు ఒళ్ళు మండింది. "పదకొండేళ్ళుగా చూస్తున్నది అదేగా అత్తయ్యా! అదీ తెలీకపోతే నాకింకేం తెలిసినట్టు?"

మిషను ఆగింది. "తిరగేసి కుట్టింది నువ్వే అయితే విప్పాల్సిందీ నువ్వే," అన్నాడాయన, నా వైపు చూడకుండా. అప్పుడు ఆయన మీద నిజంగా కోపమొచ్చింది. ఇంకో రెండుసార్లు వద్దని చెప్పి ఉంటే వినేదాన్నేమో.

గురువారం ముగ్గురు కూర్చున్నారు. మా సారు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు మేడమ్‌లు. "ఈ సీటు మీకే ఎందుకివ్వాలి?" అని అడిగింది పెద్ద మేడమ్. బట్టీ పట్టిన జవాబు నా నాలుక మీదే ఉంది. అది మింగేసి, గీసిన బొమ్మ బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

సారు లేచి, స్వెటరు కూడా వేసుకోకుండా శీతల గదిలోకి వెళ్ళారు. వెనకాలే వెళ్ళి గొట్టం దించి, భూతద్దం అందించాను. చాలాసేపు చూశారు. ఒట్టి చొక్కాతో ఉన్నారని నా పై స్వెటరు తీసి ఇచ్చాను. భుజాన వేసుకున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు చివరికి. "ఈ సీటు కోసం నాలుగేళ్ళు తిరిగాను."

"తప్పు నాది సార్."

"చూడకపోవడం నాది." స్టూలు మీద కూలబడ్డారు. "ఇంత సన్నటి పొరలు చదివి పట్టుకున్నావు. న్యాయంగా అయితే సీటు నీకే ఇవ్వాలి."

"ఇవ్వండి మరి," అన్నాను. సిగ్గు విడిచి అడిగాను.

"ప్రశ్నే పోయింది కదా తల్లీ. ఇంక సీటెక్కడిది?"

గొట్టాలన్నీ మొదటి నుంచి సరిచూడాలని చెప్పి, ఆయన నా స్వెటరుతోనే వెళ్ళిపోయారు. అల్మరా పక్కన నిలబడి కరువుతీరా ఏడ్చాను. ఏడుపు అయ్యాక చలి తెలిసింది. తలుపు మీది ప్రకటన పీకి, మడిచి, సంచిలో పెట్టుకున్నాను. ఎందుకో మరి, పారేయబుద్ధి కాలేదు.

ఇరవై ఏడో గొట్టానికి మూతలు మార్చాను. పాత బాణాన్ని ఈసారి తుడవలేదు. అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. మొత్తం నూట నలభై గొట్టాలు. ఒకటో గొట్టం కిందికి దించి, స్టూలు దగ్గరికి లాక్కుని భూతద్దం తుడుచుకున్నాను.